మూడో రొయ్య

గురువారం పొద్దున ఏడింటికి వెర్నా క్విల్ తలుపు తీసేసరికి గడపలో తడి గోనెసంచి ఉంది. సంచి కదులుతోంది.

గ్రేలింగ్ దీవిలో ఇదేమీ వింత కాదు. రొయ్యలు పట్టడానికి సముద్రంలో వేసిన బుట్టలు బాగా పండిన రోజు ఎవరో ఒకరు ఇంకెవరి గడపలోనో రాతిరొయ్యల సంచి పెట్టి పోతారు. తలుపు కొట్టరు, పేరు చెప్పరు. పుచ్చుకున్నవాళ్ళు కూడా ఎవరు పెట్టారని అడగరు. సంచి ఉతికి, అందులో నాలుగు నిమ్మకాయలో ఒక సీసా పచ్చడో వేసి రేవు దగ్గర కంచెకి తగిలిస్తారు. ఎవరి సంచి వాళ్ళు గుర్తుపట్టి పట్టుకుపోతారు. అడిగితే మర్యాద తక్కువ, నేనే పెట్టానని చెప్పుకుంటే అంతకన్నా తక్కువ. ఎనిమిది వందల మంది ఒకే గాలి పీల్చుకుంటూ బతికే చోట ఇలాంటివి కొన్ని ఉండాలి.

వెర్నా సంచి మూతి విప్పలేదు. ముడినే చూస్తూ నిలబడిపోయింది.

అందరూ వేసే ముడి కాదది. తాడు ఎడమ వైపుకి తిరిగి, కొస మళ్ళీ వెనక్కి వచ్చి తన కిందే దూరి ఉంది. వాళ్ళ నాన్న ఆల్ఫ్ ట్రిఫిట్‌ది ఎడమచేతి వాటం. పిల్లలిద్దరూ కుడిచేతి వాళ్ళే అయినా, ఆయనకి వచ్చిన ముడి అదొక్కటే కాబట్టి దాన్నే నేర్పాడు. ఆయన పోయాక ఈ భూమ్మీద ఆ ముడి వేసేవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకరు వెర్నా. ఆవిడ వెయ్యలేదు.

రెండోవాడు రోలీ. అమ్మ కడుపులో ఉన్నప్పటి నుంచీ తెలిసిన తమ్ముడు. అఖాతానికి అవతలి ఒడ్డున, కారులో పది నిమిషాల దూరంలో ఉంటాడు. ఆరేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

గొడవ పడవ గురించి. నాన్న పడవకి అమ్మ పేరుండేది, ఎల్సీ మే అని. నాన్న పోయాక అది రోలీ రేవులో పడి ఉండి, ఇంజను చచ్చి, చెక్కలు పుచ్చిపోయాయి. రోలీ దాన్ని సముద్రం అవతలి మనిషెవరికో అమ్మేశాడు. ఆ సంగతి వెర్నాకి తెలిసిన తీరు వేరు. అప్పుడావిడ పోస్టాఫీసు నడిపేది. సరుకుల పడవ సరంగు కిటికీ దగ్గర నిలబడి, "మీ అమ్మగారి పేరున్న పడవ అవతల చూశానమ్మా, నీలం రంగు కొట్టేశారే పాపం" అన్నాడు. వెర్నా చేతిలో ముద్ర గాల్లోనే ఆగిపోయింది. మధ్యాహ్నం రోలీ ఉత్తరాల కోసం వస్తే, వరసలో పదిమంది ఉండగా, "అమ్మినందుకు కాదురా, దాచి అమ్మినందుకు. చాటుగా చేసేవాడు దొంగ, వాడు నాకేమైనా సరే" అనేసింది. రోలీ ఉత్తరాలు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. ట్రిఫిట్ వంశంలో తగ్గడమనే జబ్బు ఎవరికీ రాలేదు.

నిరుడు పోస్టాఫీసు నుంచి దిగిపోయాక వెర్నా కౌన్సిల్‌కి నిలబడింది. ఒకటే మాట మీద గెలిచింది: ఏదీ చాటుగా వద్దు. పాత కౌన్సిల్లో ఒక పెద్దమనిషి రోడ్ల కాంట్రాక్టరు ఖర్చు మీద చేపల వేటకి పోయి వచ్చాడని అందరికీ మంటగా ఉంది. వెర్నా పట్టుబట్టి కొత్త రూలు పెట్టించింది. సభ్యులకి ఎవరేమిచ్చినా, కేకుముక్కైనా సరే, కానుకల పుస్తకంలో రాయాలి. ఎవరిచ్చారు, ఏమిచ్చారు, వాళ్ళు మీకేమవుతారు, వస్తువు ఏమైంది అని గళ్ళు. ఆ పేజీ నకలు ప్రతి శుక్రవారం అంగడి బయట బోర్డుకి అంటించాలి. దీవిలో వాళ్ళకి అదొక వారపత్రిక అయి కూర్చుంది. "ఆసీ తాతకి ఈ వారం రెండు సీసాల జామ్ వచ్చిందే, పడమటి రోడ్డుకి తారు ఖాయం" అని నవ్వుకునేవాళ్ళు.

ఇప్పుడు గోరుచుట్టు మీద రోకటిపోటు ఏమిటంటే, ఆ రోజు పదింటికే కౌన్సిల్ సమావేశం. ఆరో అంశం: రోలీ ట్రిఫిట్ తన పడవ షెడ్డు కప్పు రెండడుగులు ఎత్తు పెంచుకోవడానికి అనుమతి.

వెర్నా గడప మీద కూలబడింది. ఆరేళ్ళ తర్వాత తమ్ముడు తనంతట తాను చెయ్యి చాచాడు. పుస్తకంలో రాస్తే ఆ చెయ్యి అంగడి బోర్డు మీద లంచం కింద వేలాడుతుంది, వాడు ఇక ఈ జన్మలో ఇటు చూడడు. రాయకపోతే, చాటుగా చేసేవాడు దొంగ అన్న నోరు తనదే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చింది కూడా. తర్వాత ముక్కు తుడుచుకుని సంచి విప్పింది. మోచేతి పొడవున ఎర్రటి రొయ్యలు రెండు మీసాలాడిస్తున్నాయి. సంచి అడుగున కుట్టు కాస్త ఊడి వేలాడుతోంది. ఆ కంగారులో ఆవిడకి అదేమీ పట్టలేదు.

కౌన్సిల్ మేనేజరు ఆర్బకిల్ ఎనిమిది నెలల క్రితం హోబార్ట్ నగరం నుంచి వచ్చాడు. మంచివాడు, రూలంటే ప్రాణం, రొయ్య అంటే భయం. బల్ల మీద సంచి పెట్టగానే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఎవరిచ్చారండీ?"

"రోలీ ట్రిఫిట్."

"ఇస్తుంటే చూశారా?"

"లేదు. ముడి చూశాను."

ఆర్బకిల్ గొంతు తగ్గించాడు. "వెర్నా గారూ, చూడలేదు కాబట్టి ఇచ్చినవారు తెలియదు అని రాసుకోవచ్చు. రూలు ఒప్పుకుంటుంది. ఈ దీవిలో అందరూ అలాగే రాస్తున్నారు కదా."

నిజమే, ఆ మాట ఆవిడకీ తట్టింది. ఇంటి నుంచి ఆఫీసు దాకా దారి పొడుగునా అదే తట్టింది. "తెలియని వాళ్ళు తెలియదని రాస్తారు నాయనా. నాకు తెలుసు" అని కలం తీసుకుంది. పేరు రాసింది. రెండు రాతిరొయ్యలు, ఒక సంచి అని రాసింది. మీకేమవుతారు అన్న గడి దగ్గరకి వచ్చేసరికి కలం నిలిచిపోయింది.

"అది వదిలెయ్యి."

"ఖాళీ ఉండకూడదండీ."

"దీవిలో పసిపిల్లనడిగినా చెబుతుంది. వదిలెయ్యమన్నానా?"

ఆర్బకిల్ పుస్తకం వైపు, రొయ్యల వైపు చూసి, "ఏడు రోజులు గడువుంది. వచ్చే గురువారం లోపు నింపాలి" అన్నాడు. దరఖాస్తు పెట్టుకున్న మనిషి ఇచ్చిన కానుక ఉంచుకోకూడదు గనక రొయ్యలు రెండూ వయసు మళ్ళిన పెద్దవాళ్ళకి శుక్రవారం పెట్టే భోజనాలకి పోవాలని తేల్చాడు. సంచి ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశాడు.

సమావేశంలో ఆరో అంశం రాగానే మేయరమ్మ కళ్ళజోడు మీద నుంచి చూసి, "దీంతో ఎవరికైనా సంబంధముందా?" అని అడిగింది. ప్రతి అంశానికీ అడిగే మాటే.

వెర్నా లేచి నిలబడింది. కాగితం మీద రాసుకొచ్చినదే చదివింది. "ఈ ఉదయం దరఖాస్తుదారు నుంచి నాకు రెండు రాతిరొయ్యలు కానుకగా అందాయి. అందుచేత ఈ అంశంలో పాల్గొనను. బయటికి వెళ్తున్నాను."

ముప్ఫై ఏళ్ళుగా సభ్యుడైన ఆసీ గమ్లీ చెవి మిషను సవరించుకున్నాడు. "ఏమందీ?"

"రోలీ రొయ్యలిచ్చాడంట తాతా" అన్నారెవరో పక్క నుంచి.

"ఇస్తే?" అని ఆసీ వెర్నా వైపు తిరిగాడు. "అమ్మాయ్, వాడు నీ తమ్ముడు కదే! తోబుట్టువు సంగతి వస్తే రొయ్యలున్నా లేకపోయినా బయటికి పోవాల్సిందేగా. నా తమ్ముడు అని ఒక్క ముక్క చెబితే సరిపోయేదానికి ఈ చేపల బజారంతా దేనికీ?"

హాలు గొల్లుమంది. మేయరమ్మ కూడా ఆపుకోలేక మంచినీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకుంది.

ఉడికిన రొయ్యలాగా అయింది వెర్నా మొహం. ఆ రూలు రాయించింది తనే. బంధువు విషయమైతే చాలు, బయటికి పోవాలి. పొద్దుటి నుంచి లంచమా, మర్యాదా, రాయాలా, వద్దా అని తల బద్దలు కొట్టుకుందే గానీ, ఆ మొదటి రూలు తనకి గుర్తే రాలేదు. పుస్తకంలో రాయక తప్పదు సరే. కానీ నిండు సభలో రొయ్యల్ని పైకెత్తి చూపించాల్సిన పని లేదు. తమ్ముడు అన్న మాట నోటికి రాక, దాని బదులు రొయ్యలు వచ్చాయి.

వరండాలో బెంచీ మీద అయిదు నిమిషాలు కూర్చుంది. లోపల ఎవరూ ఏమీ వాదించలేదు. షెడ్డు కప్పుకి అనుమతి వచ్చేసింది. ఆవిడ పది నలభై రెండుకి వెళ్ళి పది నలభై ఏడుకి తిరిగొచ్చిందని ఆర్బకిల్ రాసుకున్నాడు.

శుక్రవారం రెండు రొయ్యలూ ఇరవై ఆరు శాండ్‌విచ్‌లయ్యాయి. అదే రోజు బోర్డుకి పేజీ అంటించారు. సాయంత్రం పక్కింటి డల్సీ వచ్చి కంచె మీద మోచేతులానించింది.

"రోలీ వచ్చాడే అంగడికి. బోర్డు చదివాడు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఇంకోసారి చదివాడు. బ్రెడ్డు కొనకుండానే పోయాడు. నువ్వు మాత్రం ఏం మనిషివే తల్లీ! ఈ దీవిలో ఎవరైనా రొయ్యలు పెట్టినవాడి పేరు బయటపెడతారా?"

ఆ వారం వెర్నాకి ముద్ద దిగలేదు. తను చేసింది తప్పు కాదని రోజుకి పదిసార్లు చెప్పుకుంది. తప్పు కానిది ఇంత బాధ పెడుతుందేమిటని పదకొండోసారి తననే అడిగింది. దానికి తోడు ఆదివారం నుంచి గడప దగ్గర ఏదో కంపు మొదలైంది. పక్షేదో చచ్చి ఉంటుందనుకుని కిటికీలు మూసుకుంది.

గురువారం మధ్యాహ్నం మూడింటికి ఆఫీసుకి వెళ్ళింది. ఆర్బకిల్ పుస్తకం తెరిచి, ఖాళీ గడి మీద వేలు పెట్టి, "ఈ రోజుతో ఆఖరండీ" అన్నాడు. వెర్నా కలం మూత తీసింది. మూత పెట్టింది. అప్పుడు తలుపు తెరుచుకుంది.

రబ్బరు బూట్లతో, వలల వాసనతో రోలీ లోపలికి వచ్చాడు. జుట్టు బాగా నెరిసింది. అక్క వైపు చూడలేదు. తిన్నగా ఆర్బకిల్ బల్ల దగ్గరకి పోయి టోపీ తీశాడు.

"తప్పు దిద్దించుకోవాలి. దానికేమైనా ఫారం ఉందా సార్?"

"ఏం తప్పండీ?"

"మీ పుస్తకంలో రెండు రొయ్యలని రాశారు. మూడు."

"రెండే" అంది వెర్నా. ఆరేళ్ళ తర్వాత వాడితో అన్న మొదటి మాట అది.

"మూడు" అన్నాడు రోలీ, బల్లతోనే.

"నా కళ్ళతో చూశాను. రెండే ఉన్నాయి."

"నా చేత్తో వేశాను. మూడు." అప్పుడు తిరిగాడు. "చూడు, లంచమిచ్చాడని రాశావు. పడ్డాను. అంగడి దగ్గర అందరూ పళ్ళికిలించారు. పడ్డాను. రోలీ ట్రిఫిట్ సొంత అక్కకి రెండంటే రెండు రొయ్యలు పెట్టాడూ అంటే మాత్రం పడను. నాన్న ఎప్పుడైనా రెండు పెట్టాడా? ఒకటి తినడానికి, ఒకటి దాచుకోవడానికి, ఒకటి పక్కింటికి. అవునా కాదా?"

ఆ దీవిలో రొయ్యలు పెట్టింది నేనే అని నోరు తెరిచి ఒప్పుకున్న మొదటి మనిషి రోలీయే అయి ఉండాలి. లంచగాడన్నా ఓర్చుకున్నవాడు పిసినారి అంటే ఓర్చుకోలేకపోయాడు. వెర్నాకి మాత్రం ఆ మాటల్లో రెండే వినిపించాయి. సొంత అక్కకి.

ఆర్బకిల్ పేజీలు తిరగేశాడు. "ఇద్దరూ ఒప్పుకోవాలి, లేదా రుజువుండాలి. మూడో రొయ్య ఏమైందో తెలియాలి కదండీ."

వెర్నా ఏదో అనబోయి ఆగింది. "ఆదివారం నుంచి మా గడప కింద కంపు కొడుతోంది" అంది మెల్లగా.

అక్కాతమ్ముళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అయిదు నిమిషాల తర్వాత రోలీ వెర్నా ఇంటి మెట్ల కింద, నేలకీ చెక్కలకీ మధ్య బోర్లా పడుకుని పాకుతున్నాడు. బయటికి కనిపిస్తున్నవి బూట్లే. వెర్నా నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"ఎడమకి పో."

"ఎడమకే పోతున్నా."

"అది కుడి రా."

"బోర్లా పడుకున్నవాడికి ఏది ఎడమో నువ్వే వచ్చి చెప్పు." కాసేపు గీరిన చప్పుడు. "అబ్బా! దొరికింది. ముక్కు మూసుకో."

వారం రోజుల నాటి రొయ్యని మీసం పట్టుకుని ఈడ్చుకుంటూ వెనక్కి వచ్చాడు. జుట్టు నిండా సాలెగూళ్ళు. "ఇదిగో నీ మూడోది. రాసుకో!" అన్నాడు, కప్పు గెలిచినవాడిలా దాన్ని పైకెత్తి. కంచె అవతల డల్సీ ముక్కుకి ఏప్రన్ అడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది. వెర్నాకి నవ్వు తన్నుకొచ్చింది. నిలబడలేక మెట్టు మీద కూర్చుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది.

"సంచి అడుగున కుట్టు ఊడింది, చూసుకోలేదా?" అంది ఊపిరి తీసుకుని.

"ముడి చూసుకున్నా. అడుగు చూళ్ళేదు."

"నువ్వెప్పుడూ ఇంతేరా."

రోలీ రొయ్యని కింద పెట్టి, చేతులు గడ్డికి తుడుచుకుని, ఒక మెట్టు కింద కూర్చున్నాడు. "పడవ సంగతీ అంతేనక్కా. పుచ్చిపోయింది, అమ్మక తప్పదని తెలుసు. నీకు చెబితే ఏడుస్తావని భయం. చెప్పకపోతే ఏడవవు అనుకున్నా."

"వెధవా."

"అవును."

"నేనూ వరసలో అందరి ముందూ అనకుండా ఉండాల్సింది" అంది వెర్నా. ఆ మాట నోటిదాకా రావడానికి ఆరేళ్ళు పట్టింది, అనడానికి పట్టింది మాత్రం ఒక్క క్షణం. "అది సరేరా, ఆ రోజే ఎందుకు తెచ్చి పెట్టావు? నీ షెడ్డు సంగతి ఆ పొద్దునే ఉందని తెలీదా?"

రోలీ వింతగా చూశాడు. "షెడ్డా? అదెప్పుడొస్తుందో నాకేం తెలుసు. మార్చి పన్నెండు కదా. నాన్న పుట్టినరోజు."

వెర్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తేదీన ఆరో అంశం ఏమిటో తెలుసు, అయిదోది తెలుసు, ఏడోది తెలుసు. నాన్న పుట్టినరోజని మాత్రం తెలియలేదు. రోలీ లేచి పార తెచ్చుకున్నాడు. మూడో రొయ్యని నిమ్మచెట్టు మొదట్లో పాతిపెట్టాడు. ఇంకొంచెం లోతు తవ్వమని వెర్నా మూడుసార్లు చెప్పింది.

ఆఫీసు మూసే వేళకి ఇద్దరూ తిరిగొచ్చారు. ఆర్బకిల్ అడక్కుండానే కిటికీ తెరిచాడు. వెర్నా రెండు కొట్టేసి మూడు అని రాసింది. పక్కన ఇద్దరూ సంతకాలు పెట్టారు. వస్తువు ఏమైంది అన్న గడిలో, రెండు పెద్దవాళ్ళ భోజనాలకి, ఒకటి నిమ్మచెట్టుకి అని రాసింది. తర్వాత కలం ఖాళీ గడి మీదకి తెచ్చి, ఈసారి ఆగకుండా, పోస్టాఫీసు దస్తూరీలో పెద్ద అక్షరాలతో రాసింది: తమ్ముడు.

ఆర్బకిల్ పేజీ మొత్తం చూసుకుని తృప్తిగా ముద్ర వేశాడు. "ఖాళీలేమీ లేవండీ" అన్నాడు.

"ఇంకోసారి రొయ్యలు పెడితే మళ్ళీ ఇదంతా రాయాలా?" అన్నాడు రోలీ.

"రాయాలి" అంది వెర్నా.

"అయితే తలుపు కొట్టే ఇస్తా. లెక్క అక్కడే చూసుకో."

బీరువాలో సంచిని కూడా ఆర్బకిల్ వాపసు ఇచ్చాడు, రసీదు రాయించుకుని. ఆదివారం వెర్నా దాన్ని ఉతికి ఆరేసింది. అడుగు రెండు వరసలు కుట్టి, నిమ్మకాయలు నింపి, నాన్న ముడి వేసింది. రేవు దగ్గర కంచె దాటేటప్పుడు కారు ఆపలేదు. అఖాతం చుట్టూ తిరిగి అవతలి ఒడ్డుకి పోయి, ఆరేళ్ళుగా ఎక్కని మెట్లెక్కి తలుపు కొట్టింది.

రోలీ తలుపు తీశాడు. గడపలో సంచి చూశాడు, ముడి చూశాడు, వంగి అడుగు కూడా చూశాడు. దీవిలో ఎవరూ అడగకూడని ప్రశ్న అడిగాడు.

"ఎవరు పెట్టారిది?"

"మీ అక్క" అంది వెర్నా.